లడ్డూ గది అద్దె

ఉద్యోగ విరమణ తర్వాత అమ్మాయి దగ్గరకు అట్లాంటా వెళ్ళాం. పిల్లల సెలవుల్లో మూడు రాత్రులు డిస్నీ వరల్డ్‌కు ప్రయాణం పెట్టింది. ఎల్‌ఎఫ్‌సీ మీద విదేశాలు కుదరవని మీకు తెలిసిందే కనుక ఖర్చంతా అమ్మాయిదీ అల్లుడిదీ. అయినా నలభై ఏళ్ళ అలవాటు ఊరుకోదు కదా, హోటల్ బుకింగ్ కాగితం తీసుకుని వరుసలన్నీ చదివాను. గది అద్దె, పన్ను సరే. కింద ఇంకొకటుంది: కుక్కకు రాత్రికి 50 డాలర్లు.

లడ్డూ వాళ్ళ లాబ్రడార్. పదకొండేళ్ళది, వెనక కాళ్ళు నొప్పి. మూడు రాత్రులకు 150 డాలర్లు, దాని మీద అక్కడి పన్ను పన్నెండున్నర శాతం, వెరసి 168 డాలర్ల 75 సెంట్లు. మన లెక్కలో పద్నాలుగు వేల పైమాటే. "పక్కింటి వాళ్ళకు అప్పజెప్పి రాకూడదుటమ్మా?" అన్నాను. అమ్మాయి జవాబు చెప్పలేదు. వంటింట్లోంచి మా ఆవిడ నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపు సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ హోటల్ ఏమిటో చెప్పాలి. ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కన 1971 అక్టోబరు 1న తెరిచిన డిస్నీ వరల్డ్ ఒక పార్కు కాదు, సుమారు వంద చదరపు కిలోమీటర్ల సొంత ఊరు. నాలుగు పెద్ద పార్కులు, రెండు డజన్లకు పైగా వసతి గృహాలు. ఆ హోటళ్ళను ధరను బట్టి మూడు తరగతులు చేశారు. చవక రకంలో పిల్లల బొమ్మలు గోడల మీదే మిద్దె ఎత్తు ఉంటాయి. ఖరీదు రకం పార్కు గుమ్మంలోనే ఉంటుంది. మధ్యరకం మనలాంటి వాళ్ళది. మేం దిగిన పోర్ట్ ఓర్లీన్స్ రివర్‌సైడ్ ఆ కోవలోదే. 1992లో వేరే పేరుతో తెరిచి, 2001లో ఈ పేరు పెట్టారు. గదులు రెండు వేలకు పైన. పందొమ్మిదో శతాబ్దపు లూయిసియానా నదీతీర గ్రామం దాని వేషం. ఒక వైపు తెల్ల స్తంభాల పెద్ద భవంతులు, మరో వైపు చెట్ల మధ్య చెక్క ఇళ్ళలా కట్టిన చిన్న భవనాలు. మధ్యలో పారే నది కూడా తవ్వించినదే. భోజనశాలలో తిరిగే పెద్ద నీటి చక్రం చూసి మా మనవడు అన్నం మానేశాడు.

మా ప్రయాణానికి తగిన సంగతి 2017 అక్టోబరులో మొదలైంది. అప్పటిదాకా సేవకు శిక్షణ పొందిన కుక్కలకు తప్ప డిస్నీ హోటల్ గదుల్లోకి ప్రవేశం లేదు. ఆ నెలలో నాలుగు హోటళ్ళలో గదికి రెండు కుక్కల వరకు అనుమతించారు. మాది అందులో ఒకటి. వసూలు గదికే గాని కుక్కకు కాదు. ఒకటి తెచ్చినా రెండు తెచ్చినా అంతే. ఈ మాట వినగానే మా అల్లుడు, "అయితే మామయ్యా, ఇంకొకటి కొందామా?" అన్నాడు.

కౌంటర్‌లో ఒక సంచి ఇచ్చారు. అందులో చాప, నీళ్ళకూ తిండికీ గిన్నెలు, పేరు బిళ్ళ, మలం ఎత్తే కవర్లు, కుక్కను నడిపించే దారుల పటం. తలుపుకు తగిలించడానికి ప్లూటో బొమ్మ ఉన్న అట్ట కూడా ఇచ్చారు. గది శుభ్రం చేసేవారికి లోపల కుక్క ఉందని అదే గుర్తు. టీకాలన్నీ వేయించి ఉండాలి. బయట ఎక్కడైనా గొలుసు తప్పదు. ఈత కొలను, భోజనశాల, పార్కులకు తీసుకెళ్ళే బస్సులు, పడవలు, వీటిలో దేనికీ రానివ్వరు. కుక్కను గదిలో వదిలి వెళితే ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళాలి. అది మొరిగి పక్కవారిని ఇబ్బంది పెడితే కబురు చేస్తారు, మనం తిరిగి రావాలి. రోజంతా వదలలేని వారికి హోటల్‌కు ఎదురుగానే డబ్బు తీసుకుని చూసుకునే కుక్కల వసతి ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటుంది. కళ్ళు కనబడని వారికి దారి చూపేవి, మూర్ఛ వచ్చేముందు హెచ్చరించేవి అమెరికా చట్టం ప్రకారం పెంపుడు కుక్కలు కావు. వాటికి అద్దె అడగరు, పార్కులోకి కూడా వస్తాయి. సంగతి బయటికి తెలియనప్పుడు సిబ్బంది రెండే ప్రశ్నలు వేయొచ్చు: ఇది వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పనికి శిక్షణ ఇచ్చారు? జబ్బు కాగితాలు చూపమనకూడదు. తోడుంటే మనసుకు ధైర్యంగా ఉంటుంది అన్నంత మాత్రాన ఆ లెక్కలోకి రాదు. లడ్డూ కూడా రాదు, దాని వల్ల మనసుకు ధైర్యం ఎంత ఉన్నా.

యాభై డాలర్లు ఎక్కువా అంటే, మొదట ఎక్కువే అనుకున్నాను. కుక్క దిగిన గదిని వేరుగా, ఎక్కువ సేపు శుభ్రం చేయాలి. తర్వాత వచ్చే అతిథికి వెంట్రుకలంటే పడకపోవచ్చు. అందుకే కుక్కల గదులు కొన్ని భవనాలకే పరిమితం. నష్టభయానికి ముందే కట్టే ప్రీమియం అనుకుంటే మన బ్యాంకువాళ్ళకు సులువుగా అర్థమవుతుంది.

రెండో రోజు సాయంత్రం అందరూ మాజిక్ కింగ్‌డమ్‌కు బాణసంచా చూడ్డానికి బయలుదేరారు. నా మోకాళ్ళు పొద్దుటి పార్కుతోనే చాలన్నాయి. లడ్డూ, నేనూ మిగిలాం. చీకటి పడ్డాక దూరంగా ఢమఢమ మొదలైంది. నాకు అదొక మసక చప్పుడు. లడ్డూ మాత్రం లేచి, వణుకుతూ వచ్చి, మంచానికీ గోడకీ మధ్య దూరింది. మనం వినలేని ఎత్తు స్వరాలు కూడా కుక్కలకు వినపడతాయి. పైగా మనకు అది వేడుక అని తెలుసు, దానికి తెలియదు. కర్టెన్లు మూసి, టీవీ పెట్టి, స్నానాలగది ఫ్యాను వేసి, నేలమీద దాని పక్కన కూర్చున్నాను. లాగి బయటికి తేకుండా, అది దాక్కున్న చోటే ఉండనివ్వమని అమ్మాయి చెప్పి వెళ్ళింది. తల నా తొడ మీద పెట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు.

మా ఆవిడ చూపు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. 1998లో నాకు స్కేల్ 2 ప్రమోషన్, సిల్చార్ పోస్టింగ్ వచ్చాయి. నర్సీపట్నంలో మా ఇంట్లో మోతీ అని ఊరకుక్క ఉండేది. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అది ఎక్కడుంటే ఇది అక్కడ. విశాఖ స్టేషన్లో అడిగాను. ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మనదైతేనే కుక్కను వెంట తీసుకెళ్ళవచ్చు, లేదంటే గార్డు పెట్టెలో డబ్బాలో పెట్టాలి. కూపే నా తాహతు కాదు. గౌహతి దాకా డబ్బాలో, ఆపైన లమ్‌డింగ్‌లో మీటర్ గేజ్ మారి సిల్చార్ దాకా అంటే మనసొప్పలేదు. ఇంటివారికి అప్పజెప్పి, సెలవుల్లో వస్తాం కదా అని అమ్మాయికి చెప్పాను. ఏడాదికి గానీ సెలవు దొరకలేదు. వెళ్ళేసరికి మోతీ లేదు. మేం వెళ్ళిన నెలకే తిండి మానేసిందట. అమ్మాయి నన్ను అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పటికీ ఏమీ అనలేదు.

రాత్రి పదకొండుకు వాళ్ళు వచ్చేసరికి లడ్డూ నిద్రపోతోంది. నేనూ నేలమీదే. మనవరాలు మా ఇద్దరికీ ఫోటో తీసింది.

తెల్లవారుజామున నది ఒడ్డున దానితో నడిచాను. అప్పటికి ఇంకా పడవలు లేవు. కుక్కల దారి పటం చేతిలో ఉన్నా అదే నన్ను తీసుకెళ్ళింది. వెళ్ళదలచిన వారికి ఒక మాట: ఫ్లోరిడా ఎండకు తారు దారి కాలుతుంది. అరచెయ్యి వెనకవైపు నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. నడక పొద్దున్నే, లేదా చీకటి పడ్డాక. నీటి అంచుకు మాత్రం పోనివ్వకండి, ఆ రాష్ట్రంలో ఏ నీళ్ళలోనైనా మొసళ్ళు ఉండవచ్చు.

బయలుదేరే రోజు అల్లుడు ఫోన్‌లో బిల్లు చూస్తుంటే, కుక్క వరుస నేనిస్తానన్నాను. వద్దు మామయ్యా అన్నాడు. డాలర్లు లెక్కపెట్టి అమ్మాయి చేతిలో పెట్టాను, 168, పైన మూడు పావలా బిళ్ళలు.

అమ్మాయి వాటిని చూసి, "మోతీ బాకీయా నాన్నా?" అంది.

"వడ్డీ వెయ్యలేదు" అన్నాను.

డబ్బు పర్సులో పెట్టుకుని లడ్డూను కారు ఎక్కించడానికి వెళ్ళింది. వెనక కాళ్ళు ఎత్తలేదు కదా, నేను రెండో వైపు పట్టుకున్నాను.