తంబుర తీగ తెగితే ఏం చేయాలి?



బుర్రకథలో ‘బుర్ర’ అంటే తంబుర కుండే. కథకుడు భుజాన వేసుకునే తంబుర, శారదకథ చెప్పేవారి శారద, కచేరీలో గాయకుని వెనుక మోగే పెద్ద తంబుర అన్నీ ఒకే కుటుంబానివి. మనలో కొందరి ఇండ్లలో తాతల నాటి తంబుర ఇప్పటికీ గోడకు వేలాడుతూ ఉంటుంది. అడిగితే “అది ఖరాబయింది” అంటారు. చాలాసార్లు ఖరాబయింది తంబుర కాదు, తీగ మాత్రమే. ఆ తీగను మనమే మార్చుకోవచ్చు.

తీగల సంగతి

నాలుగు తీగల తంబురలో సాధారణంగా మొదటి తీగ పంచమం, నడిమి రెండూ షడ్జమం, నాలుగోది మంద్ర షడ్జమం. మొదటి మూడు ఉక్కు తీగలు, చివరిది లావుపాటి ఇత్తడి తీగ. బరువైన తీగ నెమ్మదిగా కంపిస్తుంది కనుక స్వరం కిందికి దిగుతుంది. మంద్ర షడ్జమం పౌనఃపున్యం నడిమి షడ్జమంలో సరిగ్గా సగం. మనం సైన్సులో చదివే ధ్వని పాఠం ఇదే. తుప్పు పట్టినా, మెలిక పడినా తీగ అంతటా ఒకే మందంగా ఉండదు. అప్పుడు ఎంత బిగించినా శ్రుతి కుదరదు.

ముందు లోపం కనుక్కోవాలి

1. తీగ మీద వేలు మెల్లగా జరపండి. గరుకు తగిలినా, నల్లబడినా, నాదం మందంగా ఉన్నా తీగ మార్చాలి.

2. తీగ బాగానే ఉండి ‘జుమ్‌’మనే నాదం రాకపోతే గుర్రం మీద తీగ కింద ఉండే నూలు పోగును చూడండి. మీటుతూ దానిని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే ఒకచోట నాదం విచ్చుకుంటుంది. పోగు నలిగిపోతే కొత్తది పెట్టాలి.

3. శ్రుతి నిలవకపోతే బిరడ వదులైందన్నమాట. బిరడ తీసి సుద్దముక్క రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. వానకాలంలో కర్ర ఉబ్బి బిరడ బిగుస్తుంది, ఎండకాలంలో వదులవుతుంది. బిగిసిన దానిని బలవంతంగా తిప్పితే విరుగుతుంది.

4. తీగ ప్రతిసారీ ఒకేచోట తెగుతుంటే అక్కడ ఏదో అంచు కోస్తున్నట్టు. గుర్రం మీద లోతుగా గాడి పడితే మనం ఆకురాయి పెట్టరాదు. పనివారికే చూపించాలి.

తీగ మార్చే పద్ధతి

అన్ని తీగలూ ఒకేసారి విప్పకండి. ఒకటి మార్చి బిగించిన తర్వాతే మరొకటి. పడమటి దేశాల వాద్యబృందాల్లో మనిషెత్తు ఉండే డబుల్ బేస్ అనే వాయిద్యానికి కూడా ఇదే నియమం. దాని గుర్రాన్ని అతికించరు, తీగల బిగువే దానిని నిలబెడుతుంది. అన్నీ విప్పితే గుర్రం పడిపోతుంది. తంబుర గుర్రం కదలకుండా ఉండటానికీ ఈ జాగ్రత్త మంచిది.

బిగువు మీదున్న తీగను కత్తిరించరాదు. అది ఎగిరి కంటికి తగలవచ్చు. బిరడ తిప్పి వదులు చేసి తీయాలి. పాత తీగ ముక్కను దాచి, దుకాణంలో అదే మందం, అదే లోహం అడగండి. కొత్త తీగ కొసను కింద కట్టి, శ్రుతి సరిచేసే పూసను ఎక్కించి, గుర్రం మీదుగా తీసుకుపోయి, పై పట్టీ దాటించి బిరడ రంధ్రంలో దూర్చండి. మూడు నాలుగు చుట్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా చుట్టండి. నూలు పోగు పెట్టి, హార్మోనియం షడ్జమంతో పోల్చుకుంటూ మెల్లమెల్లగా బిగించండి. చివరి కొద్దిపాటి తేడాను పూస జరిపి సరిచేయాలి. కొత్త తీగ ఒకటి రెండు రోజులు సాగుతుంది. శ్రుతి దిగిందని కంగారుపడకుండా మళ్ళీ బిగించుకోవాలి. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే చెమటకు తుప్పు పట్టదు. తీగలు తక్కువున్న తంబురకూ పద్ధతి ఇదే.

ఇది మన పనే

2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివరి పాటతో అందరినీ ఏడిపించిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులది మన దుగ్గొండి ప్రాంతమే. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. నారాయణపేట జిల్లాకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అయితే అవార్డు ఒకరికి వస్తుంది, వాయిద్యం మోగాలంటే పదిమంది చేతులు కావాలి. కథ తెలిసిన పెద్దమనిషి ఉండి, తీగ లేక తంబుర మూగబోతే ఆ కథ కూడా ఆయనతోనే పోతుంది.

కనుక ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ తంబురను దించి దుమ్ము దులపండి. తీగ వేసి, తాత చేతికివ్వండి. ఆయన పాడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకోండి. వచ్చే హాస్టల్ డే నాడు మన వేదిక మీద క్యాసెట్ పాటకు బదులు ఆ తంబురే మోగాలని కోరుకుంటున్నాను.