కరవు సీమలో మడుగుల పేర్లు

కడప : కరవు జిల్లా అని పేరుపడిన కడపలో ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ పోతే ఆశ్చర్యం వేస్తుంది. ఎటు చూసినా మడుగులు, గుంటలు, చెట్లు! పెన్న ఒడ్డున జమ్ము గడ్డి పెరిగిన మడుగు జమ్మలమడుగు అయింది. ఎర్రనేల గుంట ఎర్రగుంట్ల. పెండ్లిమర్రిలో మర్రి వుంది, పోరుమామిళ్లలో మామిళ్లున్నాయి, చింతకొమ్మదిన్నెలో చింత చెట్టూ వుంది, దిన్నె కూడా వుంది.

జిల్లా కేంద్రం సంగతే తీసుకుందాం. తిరుమలకు పోయే యాత్రికులు ముందుగా దేవుని కడపలోని వెంకటేశ్వరుని దర్శించేవారనీ, తిరుమలకు ఇది గడప కనుక కడప అయిందనీ ప్రతీతి. కడప అన్నా గడప అన్నా తెలుగులో ఒకటే. ఉగాదినాడు ఈ గుడికి ముస్లిములు సైతం వస్తారు. బీబీ నాంచారిని పెండ్లాడిన స్వామి తమకు అల్లుడని వారి నమ్మకం. ఆంగ్లేయులు తమ నోటికి వచ్చినట్లు రాసుకున్న స్పెల్లింగును ప్రభుత్వం దిద్దడానికి 2005 దాకా పట్టింది.

ఊరి పేరుకు ఒక పురాణం కల్పించడం మనవారికి సరదా. ఒంటిమిట్ట పేరు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరి నుంచి వచ్చిందంటారు. ఒంటరిగా వున్న మిట్ట మీద ఊరు గనుక ఆ పేరు వచ్చిందనేది రెండో మాట. కథ వినసొంపుగానే వుంది గాని, కళ్లెదుట మిట్ట కనబడుతుండగా మనుషులను వెతకడం ఎందుకు? పులివెందుల ఒకప్పుడు పులిమందల అనీ, రాయచోటి రాచవీడు అనీ చెప్పుకుంటారు. రాచవీడు వీరభద్రుడని భక్తులు ఇప్పటికీ పిలుస్తూనే వున్నారు. కందిమల్లాయపల్లె అంటే మాత్రం బయటివారు తెల్లబోతారు. బ్రహ్మంగారి మఠం అంటే వెంటనే దారి చూపుతారు. స్వామి పేరు ఊరి పేరును మింగేసింది.

కొన్ని పేర్లకు రాతి సాక్ష్యం వుంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన రేనాటి చోళ ధనంజయుని శాసనం 6వ శతాబ్ది నాటిది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు దీనిని లెక్కిస్తారు. రేనాడు అనే నాటి సీమ పేరు అందులో వుంది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించాడు. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని! మంచి చెరువుకు వుండవలసిన 12 లక్షణాలు, వుండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. ఆ చెరువుకు అప్పుడు పెట్టిన పేరు అనంతరాజ సాగరం. వాడుకలో అది పోరుమామిళ్ల చెరువుగానే మిగిలింది. రాజు పెట్టిన పేరు కన్న రైతు పిలిచిన పేరే గట్టిది.

మెకంజీ దొర మనుషులు 19వ శతాబ్ది తొలినాళ్లలో ఊరూరా తిరిగి సేకరించిన కైఫియ్యత్తులలో ఇటువంటి ముచ్చట్లు కొల్లలు. రంగశాయిపురంలో పుట్టిన కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదనే పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఆ పని చేసిన రోజుల్లో అడిగితే చెప్పే ముసలివారు పల్లెల్లో వుండేవారు.

జనం లేని ఊరిని రెవిన్యూవారు బేచిరాకు గ్రామం అంటారు. దీపం లేనిదని ఆ మాటకు అర్థం. పాత రోజుల్లో కరవుకో, కలరాకో జడిసి జనం ఊరు వదిలిపోయేవారు. ఇప్పుడు నీటికే వదలవలసి వస్తోంది. గండికోట జలాశయం నిండు నిల్వ 26.85 టి.ఎం.సి.లు. 2020లో అక్కడ నీటి మట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు మునిగింది. పక్కనే ఇంకో ప్రొద్దుటూరు వుంది గనుక, తాటిచెట్ల గుర్తుతో దీనిని వేరు చేసి వుంటారు. ఊరి పేరు రికార్డుల్లో వుంటుంది. సర్వే నెంబర్లూ వుంటాయి. కాని వంక దాటాక ఏ చేను, రచ్చబండ వెనుక ఏ దిబ్బ, ఏ చెట్టు కింద ఏ బావి అని ఊరివారు పిలుచుకున్న పేర్లు ఏ అడంగల్లోనూ ఎక్కలేదు. అవి తెలిసినవారు ఇప్పుడు పునరావాస కాలనీల్లో వున్నారు.