ఫారెస్ట్ పార్కులో మౌంటెన్ బైకింగ్

ఫారెస్ట్ పార్కు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగర పరిధిలో టువాలటిన్ కొండలపై ఉన్న అడవి. 1948లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 5,200 ఎకరాలు.

సైకిలు మార్గాలు

మౌంటెన్ బైకులకు ప్రధాన మార్గం లీఫ్ ఎరిక్సన్ డ్రైవ్. దీని పొడవు సుమారు 18 కిలోమీటర్లు. 20వ శతాబ్దపు ఆరంభంలో ఇళ్ళ స్థలాల కొరకు ఈ రోడ్డును వేశారు. కొండచరియలు విరిగిపడటం వలన ఆ పథకం విఫలమై, అడవి మిగిలింది. మంటలనార్పే వాహనాల కొరకు ఏర్పరచిన దారులలో కొన్నింటిపై కూడా సైకిళ్ళకు అనుమతి ఉంది. సుమారు 48 కిలోమీటర్ల వైల్డ్‌వుడ్ కాలిబాట మాత్రం పాదచారులకే పరిమితము.

వివాదం

ఇరుకు బాటలలోనూ అనుమతి కావాలని సైకిలిస్టులు చాలాకాలంగా కోరుతున్నారు. తడినేలపై చక్రాల చాళ్ళు పడితే, వాననీరు వాటి వెంట పారి మట్టిని కోసివేస్తుందని వ్యతిరేకుల వాదన. వాలుకు అడ్డంగా, నీరు పక్కకు జారేటట్లు మలచిన బాటలలో ఈ కోత తగ్గుతుందని సైకిలిస్టుల సమాధానం.