గింజ లేని అరటికి గింజలే దిక్కు

అరటిపండు మధ్యలో కనిపించే సన్నటి నల్లచుక్కలు గింజలు కావు, గింజలు కాలేకపోయినవి. అడవి అరటిలో గుజ్జు కాస్తంతే, మిగతాదంతా పంటికి తగిలే గట్టి గింజలు. మనం తినే రకాల్లో చాలావాటికి క్రోమోజోముల సెట్లు రెండు కాదు, మూడు. బీజకణాలు తయారయ్యేటప్పుడు మూడింటినీ సమంగా పంచడం కుదరక విత్తనం కట్టదు. కాబట్టి దుంప నుంచి వచ్చే పిలకే ఆధారం. పిలక నాటినా, ల్యాబ్‌లో పెంచిన టిష్యూకల్చర్ మొక్క నాటినా వచ్చేవి తల్లి జన్యువులే. కడప, అనంతపురం తోటల్లో ఎకరాల కొద్దీ నిలబడ్డ జీ-9 రకం చెట్లు చూడ్డానికి వేలు, జన్యువుల లెక్కలో దాదాపు ఒక్కటే. గెలలు కాస్త అటూఇటూగా ఒకేసారి కోతకు రావడం, కాయ సైజు ఒక్కలా ఉండటం ఈ అలైంగిక ప్రత్యుత్పత్తి చలవే. అయితే ఆడమగ కలయికతో పుట్టే విత్తనం ఎక్కడో ఒకచోట బతికి ఉన్నంతవరకే ఆ చలవ నిలుస్తుందని నా వాదన.

ముందు ఎదుటి పక్షం బలం ఒప్పుకోవాలి. లైంగిక ప్రత్యుత్పత్తి దుబారా వ్యవహారం. తోడు దొరకాలి, పుప్పొడిని గాలికో తేనెటీగకో అప్పగించాలి. అన్నీ కలిసొచ్చినా తల్లి జన్యువుల్లో సగమే బిడ్డకు చేరతాయి. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్ 1970లలో ఈ నష్టాన్ని లెక్కగట్టాడు: ఆడపిల్లల్నే కనే జీవుల సంఖ్య, సంతానంలో సగం మగపిల్లలుండే జీవుల కంటే తరానికి రెండింతల చొప్పున పెరగాలి. (మగజాతిని ఇంత చిన్నచూపు చూసిన లెక్క మరొకటి లేదేమో!) ఆ ప్రకారం ఆడమగ తేడా భూమ్మీద ఎప్పుడో అంతరించాలి. అంతరించలేదు. ఎందుకో న్యూజిలాండ్ మంచినీటి నత్తలు కొంత చెప్పాయి. ఆ జాతిలో కొన్ని కలయికతో, కొన్ని మగతోడు లేకుండా పిల్లల్ని కంటాయి. పరాన్నజీవుల బెడద ఎక్కువున్న చోట్ల కలయికతో పుట్టే నత్తలే ఎక్కువని జీవశాస్త్రవేత్త కర్టిస్ లైవ్లీ 1987లో చూపించాడు. ఒకప్పుడు విరివిగా ఉన్న నకలు వంశాలు కొన్నేళ్లకు ఆ పరాన్నజీవులకే ఎక్కువగా చిక్కాయని తర్వాతి పరిశీలనల్లో తేలింది. ఎక్కువగా ఎదురయ్యే జీవికి తగ్గట్టే పరాన్నజీవి మారుతుంది. తరతరానికీ జన్యువులు కలిసి మారే సంతానాన్ని అందుకోవడం దానికి కష్టం.

అరటికి జరిగిందీ ఇదే. 20వ శతాబ్దం తొలి సగంలో అమెరికా, ఐరోపా బజార్లను ఏలింది గ్రోస్ మిషెల్ రకం. మట్టిలో దశాబ్దాలు బతికే ఫ్యుజేరియం శిలీంధ్రం పనామా తెగులుగా వచ్చి మధ్య అమెరికా తోటల్ని ఎండగట్టింది. 1960ల నాటికి వ్యాపారం ఆ తెగులును తట్టుకునే కావెండిష్‌కు మారింది. మన జీ-9 ఆ కుటుంబంలోదే. మన అమృతపాణి కూడా ఆ పాత తెగులుకు లొంగే రకమే. ఇప్పుడు ఆ శిలీంధ్రంలోని టీఆర్4 రకం కావెండిష్‌నే చంపుతోంది. 2019లో కొలంబియాలో కనిపించింది. మన బిహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లోనూ బయటపడింది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. ఆ శిలీంధ్రానికీ లైంగిక దశ ఉన్నట్టు ఎవరూ చూడలేదే, మరి అదెలా గెలుస్తోంది? ఎదురుగా ఉన్నది మారని మొక్క కాబట్టి. ఒకసారి అలవాటుపడితే చాలు, దానికి మళ్లీ మారాల్సిన పనే పడదు. అరటి మారడానికి ఉత్పరివర్తనాలు చాలవా అనేది ఇంకో అభ్యంతరం. తైవాన్‌లో టిష్యూకల్చర్ మొక్కల్లో తేడాపడిన వాటి నుంచి తెగులును తట్టుకునే కావెండిష్‌లను ఏరిన మాట నిజమే, కానీ వాటిది కొంతవరకు తట్టుకునే శక్తే. ఇక రైతును గింజ నాటి ఏ కాయ వస్తుందో చూడమనడం అన్యాయం. తోటలో పిలకే ఉండాలి. విత్తనం ఉండాల్సింది అడవిలో, పరిశోధన క్షేత్రంలో.

2024లో ఆస్ట్రేలియా అనుమతించిన క్యూక్యావ్-4 అనే జన్యుమార్పిడి కావెండిష్‌కు టీఆర్4ను ఎదుర్కొనే జన్యువు ఆగ్నేయాసియా అడవి అరటి నుంచే వచ్చింది. మన ఈశాన్య కొండల్లోనూ, పడమటి కనుమల్లోనూ గింజల అరటి ఉంది. దాన్ని కాపాడటానికీ, తిరుచ్చి జాతీయ అరటి పరిశోధన కేంద్రంలో, మన కొవ్వూరు పరిశోధన స్థానంలో సంకర రకాలు తీయడానికీ ప్రభుత్వాలు ఇప్పుడే డబ్బు పెట్టాలి, టీఆర్4 కడపకు చేరాక కాదు.