సెలైన్ సీసాలో బలం లేదు

వానాకాలం మొదలైతే చాలు, చిన్న క్లినిక్కుల్లో కిటికీ చువ్వకో గోడ మేకుకో సెలైన్ సీసాలు వేలాడుతుంటాయి. జ్వరమొచ్చినవాళ్లకూ అదే, విరేచనాలతో డస్సిపోయినవాళ్లకూ అదే, వరుసగా నాట్లు వేసి ఒళ్లు నొప్పులన్నవాళ్లకూ అదే. "ఒక బాటిల్ పెట్టండి, బలమొస్తుంది" అని అడిగేది రోగులే. అక్కర్లేదన్న డాక్టరుకు ఏమీ తెలియదని పక్క క్లినిక్కుకు వెళ్లేదీ వాళ్లే. కూలి డబ్బులు పోవడంతో ఆగితే సరే, ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తోంది.

అపోహ: సెలైన్ ఎక్కిస్తే ఒంటికి బలం.

వాస్తవం: సీసా మీది లేబుల్ చదవండి. 'సోడియం క్లోరైడ్ 0.9 శాతం' అని ఉంటే అది ఉప్పునీరు. అరలీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా శుద్ధి చేసిన నీరు. అందులో శక్తి సున్నా. 'డెక్స్ట్రోజ్ 5 శాతం' అని ఉంటే అది మనం గ్లూకోజ్ అనేది. అరలీటరులో 25 గ్రాముల చక్కెర, దాని శక్తి 100 కేలరీల లోపే. పల్లీ చట్నీతో రెండు ఇడ్లీలు తింటే అంతకన్నా ఎక్కువ వస్తుంది, మాంసకృత్తులూ అందుతాయి.

పెట్టించుకున్నాక తేలిగ్గా ఉంటుందంటారు. ఆ ఒక్కటీ ఒప్పుకోవాల్సిందే. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు నీరు చేరితే ఓపిక వస్తుంది. గంటసేపు కదలకుండా పడుకోవడమూ పనిచేస్తుంది. పైగా సీసాతోపాటు జ్వరానికో నొప్పులకో ఇంజెక్షన్ ఇస్తారు, కొన్నిచోట్ల స్టిరాయిడ్ కూడా. పేరు మాత్రం సీసాకు వస్తుంది.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అవసరం లేకుండా సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముంచుకొస్తుంది. డెంగీలో మరీ ప్రమాదం. జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం కారుతుంది. అప్పుడు లెక్కాపత్రం లేకుండా ఎక్కించిన సెలైన్ పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ పేరుకుంటుంది. శుభ్రత లేని సూదితో హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు. లేని బలం కోసం ఇంత ముప్పు ఎందుకు?

సెలైన్ అవసరమే లేదని కాదు. స్పృహ తప్పినవాళ్లకు, తాగింది తాగినట్టు కక్కేవాళ్లకు, నీరు బాగా తగ్గి బీపీ పడిపోయినవాళ్లకు అది ప్రాణదాత. మిగతావాళ్లకు నోరే దారి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి, సెలైన్ నిల్వలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. పేగు గోడ గ్లూకోజ్‌నూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వస్తుంది. కలరాలో సైతం ఆ దారి మూసుకుపోదు. ఓఆర్‌ఎస్ అనే ఈ ఉప్పు, గ్లూకోజ్ నీళ్ల కిటుకంతా ఇదే.

ఇదంతా మైకులో చెప్తే జనం మారతారనుకోవడం కూడా అపోహే. 1980లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు తల్లుల చేతే కలిపించారు. తర్వాత ఇంకొకరు వెళ్లి కొందరు తల్లులను అడిగేవారు. వాళ్లకెంత గుర్తుంటే కార్యకర్తకు అంత జీతం. పదేళ్లలో కోటి ఇళ్లు దాటారు. ఆరోగ్య విద్యకు కొలత పంచిన కరపత్రాలు కాదు, తల్లి చేతికి వచ్చిన పని.

ఇంకొన్ని అపోహలకు ఒక్కో మాట చాలు. విరేచనాలప్పుడు నీళ్లు ఆపాలంటారు. ఆపితేనే ప్రాణం పోతుంది. తల్లిపాలు మాన్పించాలంటారు, అస్సలు వద్దు. పళ్లొచ్చేటప్పుడు విరేచనాలు మామూలేనంటారు. కాదు, కారణం వేరే ఉంటుంది. మాత్ర కన్నా సూది గొప్పదంటారు. చాలా జబ్బులకు మాత్రే చాలు. ఓఆర్‌ఎస్ అని రాసి ఉన్న ప్రతి తీపి పానీయమూ ఓఆర్‌ఎస్సే అనుకుంటారు, కాదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

ఆశా కార్యకర్త దగ్గరో పీహెచ్‌సీలోనో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తెచ్చి ఇంట్లో ఉంచుకోండి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపండి. కొంచెం కొంచెంగా గ్లాసులో కలిపితే పాళ్లు చెడతాయి. 24 గంటలు దాటితే పారబోయండి. చిన్నపిల్లలకు చెంచాతో పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. విరేచనాలైన పిల్లలకు జింకు మందు కూడా డాక్టర్ చెప్పిన మోతాదులో 14 రోజులు వేయాలి, విరేచనాలు తగ్గినా ఆపొద్దు. బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సెలైన్ కావాలో వద్దో అక్కడ పరీక్షించి వాళ్లే చెప్తారు. మిగతా రోజుల్లో "ఒక బాటిల్ పెట్టండి" అనకుండా "నాకు ఏ జబ్బు, ఏ మందు ఎందుకు?" అని అడగండి. అది అడగడం మీ హక్కు.