జీపీఎస్ ట్రేస్

నడుస్తూ వెళ్తుంటే చేతిలోని ఫోన్ మన దారిని చుక్కలు చుక్కలుగా నమోదు చేయగలదు. ఒక్కో చుక్కకూ అక్షాంశం, రేఖాంశం, సమయం ఉంటాయి. ఆ చుక్కల వరుసే జీపీఎస్ ట్రేస్. సాధారణంగా దీన్ని జీపీఎక్స్ ఫైలుగా దాస్తారు.

స్టీవ్ కోస్ట్ 2004లో బ్రిటన్‌లో ప్రారంభించిన, అందరూ కలిసి గీసే పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు తొలినాళ్లలో ఈ ట్రేసులే ప్రాణం. కాపీరైట్ ఉన్న పటాలను నకలు చేసే వీల్లేదు. అందుకే 2006 మేలో ఔత్సాహికులు ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లి, తిరిగి తిరిగి దారుల జాడలు సేకరించారు. ఎంత ఓపికో! ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చినా ట్రేసుల అవసరం తీరలేదు. చెట్ల నీడన దాగిన కాలిబాట చిత్రంలో కనిపించదు. చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. ఒకే దారిలో పది ట్రేసులుంటే వాటి నడిమి గీతను నమ్మొచ్చు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ట్రేస్‌ను అప్‌లోడ్ చేసేటప్పుడు చిన్న వివరణతో పాటు 'సైకిల్', ఊరి పేరు లాంటి ట్యాగులు ఇస్తే తర్వాత వెతకడం తేలిక. ఎవరికి ఎంత కనిపించాలో ఎంచుకునే దగ్గర మాత్రం తొందరపడొద్దు. 'ట్రాకబుల్' అంటే చుక్కలు సమయంతో సహా బయటికొస్తాయి, పేరు రాదు. 'ఐడెంటిఫయబుల్' అయితే పేరూ కనిపిస్తుంది. ఇంటి గుమ్మం నుంచి మొదలైన ట్రేస్ చిరునామాను చెప్పేస్తుంది కనుక, ఆ మొదటి చుక్కలను ముందే కత్తిరించండి.