ఆషాఢం ఎడబాటు నుంచి ఆదివారం ద్రాక్షతోట దాకా

హిందూపురం: శుక్రవారం సాయంత్రం బెంగళూరులో కంప్యూటరు మూసేసే వేళకు ఏ ఆలోచనా ఉండదు. శనివారం ఉదయం కాఫీ తాగుతుండగా ఇద్దరిలో ఒకరు ‘ఎక్కడికైనా వెళ్దామా?’ అంటారు. రెండు గంటల తర్వాత ఆ దంపతులు నంది కొండ దిగువన ఉన్న ద్రాక్షతోటలో, చేతిలో గాజు పాత్రతో నిలబడి ఉంటారు. శ్రీసత్యసాయి, అనంతపురం జిల్లాల నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న యువ దంపతులకు ఇలాంటి ప్రయాణాలు ఇప్పుడు కొత్త కాదు. ఊళ్లో ఉన్న పెద్దలకు మాత్రం సందేహాలు అనేకం. వైన్‌ను రుచి చూడడానికి అంత దూరం వెళ్లాలా? రుచి చూసి ఉమ్మేయడమేమిటి? పెళ్లయిన కొత్తలో గుడికి వెళ్లాలి గానీ తోటకు వెళ్లడమేమిటి? ఈ ప్రశ్నలన్నిటికీ సమాధానాలు ఆ ఒక్క దారిలోనే దొరుకుతాయి.

పని కోసం పుట్టిన ఎడబాటు

పనికీ ప్రేమకూ పేచీ ఈనాటిది కాదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఆషాఢ మాసంలో పుట్టింటికి పంపడం తెలుగునాట పాత ఆచారం. ఆ నెలలో అత్త, అల్లుడు ఒకే గడప దాటరాదంటారు. దీనికి పెద్దలు చెప్పే కారణాలు రెండు. ఆషాఢం తొలకరి కాలం. దుక్కులు, విత్తనాలు ఒక్కసారిగా మీద పడతాయి. కొత్త అల్లుడు అత్తవారింట మర్యాదలు అందుకుంటూ కూర్చుంటే సొంత పొలం బీడు పడుతుంది. ఇక రెండోది... ఆ నెలలో గర్భం ధరిస్తే నడివేసవి ఎండల్లో ప్రసవం వస్తుంది. వైద్య సదుపాయాలు లేని కాలంలో అది తల్లికీ బిడ్డకూ గండమే.

అంటే నాటి సమాజం పనికి ఒక నెల కేటాయించి, మిగతా పదకొండు నెలలు దంపతులకు వదిలిపెట్టిందన్నమాట. నేటి ఉద్యోగాల్లో లెక్క తిరగబడింది. భర్తకు పగటి షిఫ్టు, భార్యకు రాత్రి షిఫ్టు అయితే ఒకే ఇంట్లో ఉంటూ ఏడాది పొడవునా ఆషాఢమే. పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకునే తీరిక లేనప్పుడు, ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడమే శుభ ముహూర్తం. ముందస్తు ఆలోచన లేని వారాంతపు ప్రయాణాలకు మూలం ఇక్కడే ఉంది.

అనుమతి లేని ఖర్చు

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి ఈ కథకు తగిన ఆరంభం. అక్కడి వీరభద్రాలయంలోని కల్యాణ మండపం అసంపూర్తిగా నిలిచిపోయింది. విజయనగర రాజుల కోశాధికారి విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్మును గుడికి ఖర్చు చేశాడన్న నింద పడిందనీ, ఆ బాధతో తన కళ్లను తానే పెకలించుకున్నాడనీ, అప్పటితో పని ఆగిందనీ జనశ్రుతి. పై అధికారి ఆమోదం లేని ఖర్చు ఉద్యోగికి ఎంత ప్రమాదమో పదహారో శతాబ్దంలోనే తేలిపోయింది. పాపం, ఆ లెక్కల తగాదాలో ఆగిపోయింది శివపార్వతుల పెళ్లి మండపం.

గౌరీబిదనూరు మీదుగా దక్షిణాదికి సాగితే నంది గ్రామంలో మరో మండపం కనిపిస్తుంది. ఇది పూర్తయినదే. తొమ్మిదో శతాబ్దం నాటి మూలాలున్న భోగనందీశ్వరాలయ ప్రాంగణంలో అరుణాచలేశ్వరుడికీ, భోగనందీశ్వరుడికీ నడుమ ఉమామహేశ్వర సన్నిధి ఉంది. దాని ముందున్న నల్లరాతి కల్యాణ మండపంపై శివపార్వతులు, బ్రహ్మ సరస్వతులు, లక్ష్మీ విష్ణువులు, స్వాహాదేవీ సమేతుడైన అగ్ని... ఇలా నాలుగు జంటలు కొలువుదీరాయి. కొత్త దంపతులు ఇక్కడికి వచ్చి ఆశీస్సులు కోరుకోవడం ఆనవాయితీ. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యానికి, భోగనందీశ్వరుడు యౌవనానికి, కొండ మీది యోగనందీశ్వరుడు వైరాగ్యానికి ప్రతీకలని స్థానికుల విశ్వాసం. అందుకే పైగుడిలో ఉత్సవాలు జరగవని చెబుతారు. కాబట్టి గుడికి వెళ్లాలా, తోటకు వెళ్లాలా అన్న తగాదా ఈ దారిలో అక్కర్లేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇంకో విశేషం. 1,478 మీటర్ల ఎత్తున్న ఈ నంది కొండపైనే మహాత్మాగాంధీ 1927లోనూ, 1936లోనూ విశ్రాంతి తీసుకున్నారు. మద్యనిషేధానికి జీవితాంతం పాటుబడిన ఆయన బస చేసిన కొండ కిందే తర్వాతి కాలంలో వైన్ తోటలు వెలిశాయి. అంతటి పనిమంతుడికీ కొన్నాళ్ల విరామం అవసరమైందన్నది మాత్రం ఉద్యోగులు గుర్తుంచుకోదగిన సంగతి.

కత్తెర పడితేనే కాయ

వ్యాపార పనుల మీద తరచూ ఫ్రాన్స్ వెళ్లే కన్వల్ గ్రోవర్ అక్కడి వైన్‌పై మక్కువ పెంచుకుని, 1988లో నంది కొండ దిగువన ఫ్రెంచి ద్రాక్ష రకాలు నాటించారు. 1992లో తొలి వైన్ బయటికి వచ్చింది. ఉద్యోగం మానేసి ఈ దారి పట్టినవారూ ఉన్నారు. అమెరికాలో ఒరాకిల్ సంస్థ కొలువు వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ నాసిక్‌లో ‘సులా’ తోటలు స్థాపించి, తల్లి సులభ పేరు మీదుగానే దానికి ఆ పేరు పెట్టారు. సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం చేసి నాసిక్ తోటలు చూసి వచ్చే తెలుగువారూ ఉన్నారు. అనంత సీమవాసులకు మాత్రం దగ్గర నంది కొండే.

ఇక్కడ వైన్ ద్రాక్ష పండడానికి కారణం ఎత్తు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పీఠభూమి కావడంతో పగలు ఎండ కాసినా రాత్రిళ్లు చల్లబడుతుంది. పగటి ఎండ కాయలో తీపిని పెంచితే, రాత్రి చలి పులుపును కాపాడుతుంది. ఆ రెండింటి పొందికే వైన్‌కు ప్రాణం.

యూరప్‌లో చలికాలం రాగానే ద్రాక్ష తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన వాతావరణంలో దానికి నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా ఆకు వేస్తూనే ఉంటుంది, కాయ మాత్రం సరిగా కాయదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతాడు. ఏప్రిల్ ప్రాంతంలో చేసే మొదటి కత్తిరింపుతో కొత్త రెమ్మలు వచ్చి, వాటి కళ్లలో పూత మొగ్గలు రూపుదిద్దుకుంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండో కత్తిరింపు చేస్తే పూత బయటికి వస్తుంది. సుమారు 130 నుంచి 150 రోజుల తర్వాత కోత. కాయ నొక్కి రసం చుక్కను రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తూ, తీపి 22 నుంచి 24 శాతానికి చేరాక గుత్తులు కోస్తారు. ఎండెక్కితే కాయ వేడెక్కి నాణ్యత చెడుతుంది. కనుక కూలీలు తెల్లవారక ముందే తోటలో ఉంటారు. సందర్శకులు నంది కొండపై సూర్యోదయం చూసి పరవశించే వేళకు కొండ కింద వారి పని సగం పూర్తవుతుంది. ఒక సీసా వైన్ వెనుక కిలోకు పైగా ద్రాక్షే కాదు, ఇన్ని చేతుల శ్రమ ఉంది.

తీగకు తెలిసిన ఈ కిటుకు ఉద్యోగికీ వర్తిస్తుంది. నిద్ర లేకుండా ఎదుగుతూ పోయేది ఆకు మాత్రమే. ఎక్కడో ఒకచోట కత్తెర పెట్టి ఆపితేనే కాయ.

వగరు తెలిసిన నాలుక

ఇక రుచి చూసే పద్ధతి. ముందు గాజు పాత్రను తెల్లటి గుడ్డ ఎదుట ఉంచి రంగు చూస్తారు. తర్వాత పాత్రను మెల్లగా గుండ్రంగా తిప్పుతారు. గాలి తగిలి వాసనలు పైకి లేస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీలుస్తారు. ఆపై ఒక గుక్క నోట్లో పోసుకుని నాలుక అంతటా తిప్పుతారు. చివరికి మింగవచ్చు, పక్కనున్న పాత్రలో ఉమ్మేయనూ వచ్చు. ఐదారు రకాలు వరుసగా చూసేవారు అన్నీ మింగితే మూడో రకానికే నాలుక మొద్దుబారుతుంది, తల తిరుగుతుంది. ఉమ్మేయడం అమర్యాద కాదు, ఆ పనిలో ఆరితేరినవారి లక్షణం. డబ్బు పెట్టి కొన్నది ఉమ్మడానికి తెలుగువాడికి చేయి రాదన్నది వేరే సంగతి.

ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు. తొక్క, గింజల్లోని టానిన్లు అందులోకి దిగి నోరు పట్టేసినట్టుంటుంది. పరాయి భాషల్లో పుటలకొద్దీ వర్ణించే ఈ గుణానికి తెలుగులో ఒక్క మాట చాలు... వగరు. నేరేడు పండు, పచ్చి ఉసిరి, వక్క నమిలిన నాలుకకు టానిన్ గురించి పాఠం అక్కర్లేదు. ఉగాది పచ్చడిలో షడ్రుచులను విడదీసి చెప్పే ఇల్లాలు కాస్త శ్రద్ధ పెడితే మంచి రుచి నిపుణురాలు కాగలదు. తెల్ల వైన్‌కు రసాన్ని ముందే పిండి, తొక్క తీసేస్తారు కనుక వగరు తక్కువ, పులుపు ఎక్కువ. దీన్ని 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో, ఎర్రదాన్ని 16 నుంచి 18 డిగ్రీల వద్ద అందిస్తారు. మన వేసవి గది వేడిలో ఎర్ర వైన్ పోస్తే మిగిలేది ఘాటే.

వెళ్లేవారు గమనించవలసినవి

* తోట సందర్శనకు ముందుగా ఫోన్ చేసి సమయం ఖాయం చేసుకోవాలి. నంది కొండపై వారాంతాల్లో రద్దీ ఎక్కువ, వాహనాలపై ఆంక్షలు ఉండవచ్చు.

* వైన్‌లో సాధారణంగా 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ద్రాక్షరసమే కదా అని తేలిగ్గా తీసుకోరాదు. ఆరోగ్యానికి పూర్తి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. గర్భిణులు అసలు ముట్టరాదు.

* రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించితే వాహనం నడపడం నేరం. తొలి తప్పుకే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. స్టీరింగ్ పట్టేవారు ఆ రోజుకు రంగు, వాసనలతో సరిపెట్టుకోవాలి. ఎవరు నడపాలో బయలుదేరే ముందే తేల్చుకుంటే తిరుగు ప్రయాణంలో తగాదా ఉండదు.

* రాష్ట్ర సరిహద్దు దాటి సీసాలు తేవడానికి ఎక్సైజ్ నిబంధనలు అడ్డొస్తాయి. కొనే ముందే తెలుసుకోవడం మేలు.

సీసా తేకపోయినా నష్టం లేదు. తోటలో అసలు మద్యం ముట్టకుండా, పందిళ్ల మధ్య తిరిగి, భోజనం చేసి వచ్చే దంపతులూ ఉన్నారు. వారికి కావలసింది ఫోను మోగని నాలుగు గంటలు. సోమవారం ఉదయం ‘వారాంతం ఏం చేశారు?’ అని తోటి ఉద్యోగి అడిగితే భోగనందిని చూశామనవచ్చు. పైగుడి మెట్లు కూడా ఎక్కి ఉంటే, మేనేజరు మాటలు వినడానికి కావలసిన వైరాగ్యమూ కొంత వచ్చి ఉంటుంది.